ఐగుప్తు మంచిదా, చెడ్డదా?



"అయ్యగారూ, ఏ దేశమైతే బాగుంటుందంటారు?" ఈ మధ్య ఈ ప్రశ్న వినని వారం లేదు. నందిగామ బస్టాండులో అడుగుతారు. జగ్గయ్యపేటలో పెళ్ళి భోజనాల దగ్గర అడుగుతారు. మొన్న ఒక పెద్దాయన ఆరాధన అయ్యాక బూట్లు వేసుకుంటూ అడిగాడు. అమెరికానా, కెనడానా, ఆస్ట్రేలియానా, లేకపోతే కువైటే నయమా? సంతలో గేదెను కొనేవాడు కూడా ఇంత తేలిగ్గా అడగడు. మీ ఇంట్లో మేత ఉందా, పాలు పిండే మనిషి ఉన్నాడా అని అమ్మేవాడే ముందు నాలుగు మాటలు అడుగుతాడు. దేశం దగ్గరికి వచ్చేసరికి మనల్ని ఎవరూ ఏమీ అడగరు. మనమూ చెప్పం.

నా మాట ముందే చెప్పేస్తాను, కోపం వచ్చేవారికి ఇక్కడే రానివ్వండి. "మంచి దేశం" అనేది ఒకటి లేదు. ఉందని చెప్పేవాడు కన్సల్టెన్సీవాడైనా, ఏజెంటైనా, వేదిక మీద మైకు పట్టుకున్న ప్రసంగీకుడైనా మీ ఇంటి సంగతి తెలియకుండా మాట్లాడుతున్నాడు. ఎవరికి, ఏ వయసులో, ఎంత అప్పుతో, ఇంట్లో ఎవరిని వదిలి, ఏ కాగితం చేతిలో పెట్టుకొని వెళ్తున్నారో తెలియకుండా ఇచ్చే జవాబు వాక్యానుసారమైనదీ కాదు, లెక్కకు నిలిచేదీ కాదు.

ఈ ముగ్గురిలో నాకు ఎక్కువ బాధ కలిగించేది ప్రసంగీకుడే. ఏజెంటు డబ్బు కోసం చెప్తాడు, అది అతని వ్యాపారం. కాని మన కూటాలలో ఏం జరుగుతోంది? పాస్‌పోర్టులు పైకెత్తండి, నూనె రాసుకోండి, ఈ సంవత్సరం మీ పాదాలు పరదేశంలో మోపుతారు అంటారు. జనం కేకలు వేస్తారు. చిలుకూరు బాలాజీని వీసా దేవుడంటారని మనవాళ్ళు ఎగతాళిగా మాట్లాడటం నేను విన్నాను. ఆ గుడి చుట్టూ తిరిగే తల్లికీ, మన కూటంలో పాస్‌పోర్టు ఎత్తిన తల్లికీ తేడా ఏమిటో నాకు కనపడదు. ఇద్దరిదీ ఒకటే భయం, ఒకటే ఆశ. ఎగతాళి చేయవలసిన వాళ్ళు వాళ్ళు కారు.

తరువాత సాక్ష్యాలు. "దేవుడు మా అబ్బాయికి అమెరికా ఇచ్చాడు" అని ఒక తల్లి నిలబడి చెప్తుంది. సంఘమంతా స్తోత్రం అంటుంది. సంతోషమే, ఆమె కన్నీళ్ళు అబద్ధం కావు. కాని అదే వరుసలో చివర, గోడకు ఆనుకొని, సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలికి పోయే కొడుకున్న తల్లి కూర్చొని ఉంటుంది. ఆమె ఏమనుకోవాలి? ఆమె కొడుక్కి దేవుడు జయంతిపురం ఇచ్చాడని సాక్ష్యం చెప్పమని మనం ఎప్పుడైనా పిలిచామా? ఆ కొడుకు రోజూ సాయంత్రం ఇంటికొచ్చి తండ్రికి ఇన్సులిన్ సూది వేస్తాడు. ఆ సూది వేసే చెయ్యి డాలర్లతో రాదు.

ఇక వాక్యం దగ్గరికి వెళ్దాం. ఐగుప్తు మంచి దేశమా, చెడ్డ దేశమా?

ఆదికాండములో ఒకే కుటుంబానికి మూడు తరాల్లో కరవు వచ్చింది. మూడుసార్లూ అదే ఐగుప్తు ఎదురుగా ఉంది. పన్నెండవ అధ్యాయంలో అబ్రాము కరవుకు తాళలేక అక్కడికి దిగిపోయాడు. వెళ్ళమని దేవుడు చెప్పినట్టు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. ఇరవై ఆరవ అధ్యాయంలో ఇస్సాకుకు అదే పరిస్థితి వస్తే దేవుడు వద్దన్నాడు, ఐగుప్తుకు దిగిపోకు, నేను చెప్పే చోటనే ఉండు అన్నాడు. ఇస్సాకు గెరారులో ఉండి విత్తనం వేశాడు, ఆ ఏడే నూరంతల పంట వచ్చింది. నలభై ఆరవ అధ్యాయంలో యాకోబు ముసలివాడై బెయేర్షెబా దగ్గర ఆగిపోయి వెనకాడుతుంటే అదే దేవుడు, అక్కడికి వెళ్ళడానికి భయపడకు, నేనూ నీతో వస్తాను అన్నాడు. ఎందుకు? అక్కడ కొడుకున్నాడు. కన్నుమూసే వేళ యోసేపు చెయ్యి ఆ ముసలివాని కళ్ళ మీద ఉంటుందని కూడా చెప్పాడు.

ఒకే దేశం, ఒకే రకం కరవు, ఒకే దేవుడు. జవాబులు మాత్రం వేరు. మారిందేమిటి? వెళ్ళే మనిషి మారాడు, అతని వయసు మారింది, అక్కడ అతనికి ఎవరున్నారన్నది మారింది. దేవుడు దేశాలకు మార్కులు వేసి గోడకు పట్టిక అంటించలేదు. ప్రపంచ సంతోష నివేదిక అని ఒకటి వస్తుంది, 2018 నుంచి వరుసగా ఫిన్లాండే మొదటి స్థానం. చాలా సంతోషం. మిరప కోతలకు పోయే మన అక్కకు ఆ ఫిన్లాండుకు దారి లేదు, భాష రాదు, చలికి కోటు లేదు. ఆ పట్టిక ఆమె గురించి రాసింది కాదు.

అబ్రాము సంగతి ఇంకొంచెం చూడండి. ఐగుప్తులో అతడు బాగుపడ్డాడు. గొర్రెలు, గొడ్లు, గాడిదలు, ఒంటెలు, దాసదాసీలు వచ్చాయి. ఆ సంపదకు వెల చెల్లించింది ఎవరు? శారయి. ఆమెను ఫరో ఇంటికి తీసుకుపోయారు. ఆ ఇంట్లో శారయి ఎలా ఉందో ఆ అధ్యాయం మనకు చెప్పదు. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు మన సంఘంలోంచి కువైటుకు పోయిన చెల్లెళ్ళు గుర్తొస్తారు. ఇక్కడ స్లాబు ఇల్లు లేస్తుంది, గృహప్రవేశానికి నన్ను ప్రార్థనకు పిలుస్తారు, ఆ ఇల్లు కట్టిన మనిషి మాత్రం ఆ రోజు ఎవరి ఇంట్లోనో గిన్నెలు తోముతూ ఉంటుంది.

కువైటు చెడ్డదని నేను అనడం లేదు. భర్త పోయి, ఇద్దరు పిల్లలతో, నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పు మీద ఉన్న ఒక చెల్లెమ్మ అక్కడ ఆరేళ్ళు మంచి ఇంట్లో పనిచేసింది. అప్పు తీర్చింది, కూతుర్ని జీఎన్‌ఎం చదివించింది. ఆమెకు కువైటు గోషెను దేశమే. అదే వీధిలోంచి, అదే ఏజెంటు ద్వారా వెళ్ళిన ఇంకొక ఆమె పాస్‌పోర్టు యజమాని బీరువాలో పెట్టుకున్నాడు. ఆమెకు జీతం సరిగా లేదు, ఫోను లేదు. ఇల్లు విడిచి బయటికి వస్తే పారిపోయినట్టు కేసు. అక్కడి పద్ధతిలో పనిమనిషి ఉండే హక్కు యజమానికి, అంటే కఫీలుకు, ముడిపడి ఉంటుంది. ఇల్లు మంచిదైతే దేశం మంచిది, ఇల్లు చెడ్డదైతే దేశమే జైలు. ఇద్దరికీ మనం చేసిన ప్రార్థన ఒకటే, పాడిన పాట ఒకటే. తేడా ఎక్కడుందో వెళ్ళకముందు ఎవరూ కనుక్కోలేదు.

కనుక్కోవచ్చా? కొంతవరకు వచ్చు. పదో తరగతి పాసు కానివారికి ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ఆ పాస్‌పోర్టువారు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద అనుమతి తీసుకోవాలి. అటువంటి స్త్రీలు ఇంటిపనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలి. ఇది ఆడవాళ్ళను ఆపడానికి పెట్టిన అడ్డంకి అని ఏజెంట్లు చెప్తారు. ఆ అడ్డంకి దాటించడానికే విజిట్ వీసా అంటారు, అక్కడికి పోయాక మార్చుకోవచ్చంటారు. చెల్లీ, విజిట్ వీసా మీద పనికి పోయావంటే నువ్వు పనికి వచ్చినట్టు అక్కడి లెక్కలోనూ ఉండదు, ఇక్కడి లెక్కలోనూ ఉండదు. సక్రమంగా వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా అని ఒకటుంది. రెండేళ్ళకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో ఏమైనా జరిగితే 10 లక్షలు. ఈ రెండు ముక్కలు చెప్పే ప్రసంగం ఎన్ని ఉపవాస కూటాల్లో విన్నారో మీరే చెప్పండి.

ఇక అమెరికా. మన మెట్ట ప్రాంతంలో (ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు, నాకింకా కృష్ణా జిల్లా అనే నోటికి వస్తుంది) రెండెకరాలున్న ఇంట్లో ఇంజనీరింగ్ పాసైన కొడుకుంటే ఆ రెండెకరాల గతి ముందే రాసిపెట్టినట్టు ఉంటుంది. ఇరవై లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు నలభై వేలు వడ్డీ. ఎంఎస్ రెండేళ్ళు. ఆ రెండేళ్ళకు వడ్డీయే తొమ్మిది లక్షల అరవై వేలు. చదువయ్యాక ఓపీటీ అని ఒక ఏడాది పని చేసుకోనిస్తారు, సైన్సు, ఇంజనీరింగ్ చదువులకైతే మరో రెండేళ్ళు. ఆ లోపల హెచ్-1బి రావాలి. అది సంవత్సరానికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి అదనంగా 20,000. ఎక్కువమంది అడిగితే లాటరీ. పొలం తాకట్టు పెట్టి లాటరీ టికెట్టు కొన్నానని ఒక విశ్వాసి నా దగ్గరికి వస్తే నేను ఏమంటాను? అదే పని వీసా పేరుతో చేస్తే స్తోత్రం అంటున్నాం.

ఇదే అమెరికా, ఇదే చదువు, ఇంకొక ఇంటికి వేరే లెక్క. తండ్రికి పెన్షన్ ఉంది, అప్పు అవసరం లేదు, అబ్బాయికి మంచి యూనివర్సిటీలో సీటు వచ్చింది, రాకపోతే వెనక్కి వచ్చి హైదరాబాదులో ఉద్యోగం చేసుకోగలడు. ఆ అబ్బాయికి అది దేవుడిచ్చిన తలుపే కావచ్చు. వెనక్కి రాగలిగినవాడికీ, రాలేనివాడికీ ఒకే దేశం ఒకటిగా ఉండదు. వెనక్కి వస్తే పొలం పోయిందనే భయం ఉన్న కుర్రాడు ఏం చెప్పినా చేస్తాడు, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాడు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన తెలుగు పిల్లల కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అసలు యూనివర్సిటీయే కాదని, అమెరికా అధికారులే పెట్టిన వల అని బయటపడింది. పట్టుబడిన సుమారు 130 మందిలో దాదాపు అందరూ భారతీయులే, వారిలో తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళంతా దొంగలు కారు. తరగతులే జరగని చోట ఫీజు ఎందుకు కడుతున్నామో తెలిసినవాళ్ళు కొందరు, అప్పు భయానికి అడగడం మానేసినవాళ్ళు కొందరు.

నిర్గమకాండము మొదటి అధ్యాయంలో యోసేపును ఎరుగని కొత్త రాజు వస్తాడు. గోషెనులో ఉన్న నేల అదే, నది అదే, గొర్రెలు అవే. రాజు మారాడు, అంతే. యాకోబుకు ఆశ్రయమైన దేశం అతని సంతానానికి ఇటుకల బట్టీ అయింది. కాబట్టి ఒక తరానికి మంచి దేశం ఇంకో తరానికి కూడా మంచిదని ఎవరూ హామీ ఇవ్వలేరు. మన పెద్దల కాలంలో రంగం అంటే బంగారం. కోస్తా జిల్లాల నుంచి, అందులో ఉత్తరాన, వేలమంది ఓడలెక్కి బర్మా పోయారు. రంగూన్ రేవులో మోసే కూలీలు మనవాళ్ళు. 1930 మేలో ఆ రేవులోనే మనవాళ్ళను తరిమి తరిమి కొట్టారు. 1942లో జపాను సైన్యం వస్తుంటే లక్షలమంది భారతీయులు అడవుల్లో నడిచి పారిపోయారు, దారిలో చనిపోయినవారు ఎందరో. మిగిలినవాళ్ళను 1960లలో నె విన్ ప్రభుత్వం కట్టుబట్టలతో పంపించింది. మన పట్టణాల్లో బర్మా కాలనీ అనే పేరు విన్నప్పుడు అదేదో బజారు పేరు అనుకోకండి.

అమెరికాలో కూడా రాజులు మారుతుంటారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు అని ఒక్క ప్రకటన వచ్చేసరికి మన ఇళ్ళలో ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. అది అందరికీ వర్తించదని తరువాత వివరణ ఇచ్చారు, కాని ఆ రాత్రి భయం నిజం. ఉద్యోగం పోతే హెచ్-1బి మీద ఉన్నవాడికి ఇచ్చే గడువు 60 రోజుల వరకే. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశంవారికీ ఏటా ఏడు శాతం మించకూడదని నియమం ఉంది. అందుకని ఇక్కడ పుట్టినవాడు పదేళ్ళు, ఇంకా పైన కూడా వరుసలో నిలబడాలి. పక్క కుర్చీలో కూర్చొని అదే పని చేసే చిన్న దేశపు మనిషికి అంత వరుస లేదు. ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నారు. ఒకే దేశంలో ఉన్నారని అనగలరా?

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతలో మన తెలుగువాడు కూచిభొట్ల శ్రీనివాస్‌ను మా దేశం విడిచి పొమ్మంటూ ఒకడు కాల్చి చంపాడు. అడ్డుపడబోయి తూటా తగిలించుకున్న ఇయాన్ గ్రిల్లట్ కూడా అమెరికావాడే, అది మరచిపోకూడదు. నేను చెప్పాలనుకున్నది దాని తరువాతి సంగతి. శ్రీనివాస్ భార్య సునయన దుమాల ఆ దేశంలో ఉండే హక్కు భర్త వీసాతో ముడిపడి ఉంది. భర్త పోయాడు కనుక ఆ హక్కూ పోయింది. అంత్యక్రియలకు వచ్చిన ఆమె తన ఇంటికి తిరిగి వెళ్ళడానికి ఒక కాంగ్రెసు సభ్యుడు కలుగజేసుకోవలసి వచ్చింది. ఒకే ఇంట్లో ఉన్న భార్యకూ భర్తకూ కూడా అది ఒకే దేశం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. అమ్మాయి పెళ్ళికి అమెరికా సంబంధం అని పొంగిపోయే తల్లిదండ్రులు, అబ్బాయి జీతం అడిగినప్పుడు అమ్మాయి ఏ వీసా మీద వెళ్తుందో కూడా అడగాలి.

ఇంతవరకు చదివి కొందరు తల ఊపుతూ ఉంటారు. అవునయ్యగారూ, ఉన్న ఊరు కన్నతల్లి, పుట్టిన గడ్డను వదిలి పోకూడదు అని. వాట్సాప్‌లో దేశభక్తి సందేశాలు పంపే పెద్దమనుషులు ముందే ఉంటారు. ఆగండి. మీతో కూడా నాకు పేచీ ఉంది.

ఉన్న ఊరు ఎవరికి కన్నతల్లి? నందిగామ నుంచి బెజవాడ వైపు పోతే కంచికచర్ల వస్తుంది. 1968లో అక్కడ కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం మోపి స్తంభానికి కట్టి సజీవంగా తగలబెట్టారు. అతనూ పుట్టిన గడ్డ మీదే ఉన్నాడు. మన తాతలు ఎంతమంది ఊరికి దూరంగా, చెరువుకు కింద, గాలి ఊళ్ళోంచి తమ మీదుగా పోయే దిక్కున ఇళ్ళు వేసుకున్నారో మీకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే ఎస్సీ హోదా. మన పేటల్లో యేసును నమ్ముకున్నానని ఆఫీసులో చెప్పుకున్నవాడు ఆ కాగితం పోగొట్టుకుంటాడు, కులం మాత్రం పోదు. అటువంటి ఇంటి పిల్ల ఎక్కడో పేరు అడిగాక ఇంటిపేరు అడగని ఊళ్ళో బతకాలనుకుంటే, దేశద్రోహం అనడానికి మనకు నోరెలా వస్తుంది? వెళ్ళనివ్వండి. అక్కడ కూడా కులం విమానంలో ముందే దిగి ఉంటుందన్నది వేరే సంగతి. ఊరికే సియాటిల్ నగరం 2023లో కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేయలేదు. అయినా వెళ్ళాలా వద్దా అన్నది, ఆ అవమానం పడనివాళ్ళు తేల్చే విషయం కాదు.

నయోమి, రూతు సంగతి తెలుసు కదా. బేత్లెహేము నుంచి మోయాబుకు ఒకే దారి. కరవులో నయోమి కుటుంబం ఆ దారిన పోయింది, ముగ్గురు మగవాళ్ళను అక్కడే పాతిపెట్టి తిరిగి వచ్చింది. రూతు అదే దారిన ఎదురు దిక్కుకు నడిచింది, పరదేశి అయి పరిగె ఏరుకుంది, అక్కడే ఇల్లు కట్టుకుంది. ఓర్పా తన పుట్టింటికి తిరిగిపోయింది. ఓర్పాను మనం ప్రసంగాల్లో తిడతాం. వాక్యం ఆమెను ఒక్క మాట అనలేదు. నయోమి ముద్దు పెట్టి పంపింది.

మన ప్రాంతం నుంచి వెళ్ళి అమెరికాలో స్థిరపడిన ఒక జంట ఉంది. ఇక్కడ తల్లిదండ్రులు ఒంటరి. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్ళు వచ్చినప్పుడు కూడా కొడుకు రాలేదని బంధువులు ఇప్పటికీ దెప్పుతారు. ఆ కొడుకు సంగతి నాకు తెలుసు. అతని బిడ్డకు ఆటిజం. అక్కడ 1975 నుంచి ఒక చట్టం ఉంది, ఇటువంటి పిల్లలకు ప్రభుత్వ బడి ఉచితంగా, వాళ్ళకు తగిన విధంగా చదువు చెప్పి తీరాలి. ఆ బిడ్డ ఇప్పుడు అమ్మ అంటున్నాడు. మన దగ్గర చట్టం లేదని కాదు, కాని ఈ మండలాల్లో ఆ బిడ్డను ఏ బడికి పంపాలో మీరు చెప్పండి. ఆ తండ్రి జీతం కోసం అక్కడ లేడు. అదే కుటుంబం ఆస్ట్రేలియాకు పోదామనుకుంటే? అక్కడ బిడ్డకయ్యే ఖర్చు ఒక పరిమితి దాటుతుందని లెక్క తేలితే బిడ్డతో పాటు ఇంటిల్లిపాదికీ వీసా కాదనవచ్చు. అదే తండ్రి, అదే బిడ్డ.

ఇంకో వైపు చూడండి. ఎ. కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బుతో ఎన్ని కుటుంబాలు నలిగిపోతున్నాయో మన పక్క మండలాలవాళ్ళకు చెప్పనక్కర్లేదు. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ కావలసిన తండ్రిని, ఆరోగ్యశ్రీ కార్డు మీద ఇక్కడ బతుకుతున్న తండ్రిని, నా దగ్గర పెట్టుకుంటానని విజిటర్ వీసా మీద అమెరికా తీసుకెళ్ళే కొడుకు ప్రేమ గొప్పదే, కాని అక్కడ ఆ ఖర్చు ఎవరు భరిస్తారో కనుక్కున్నాడా? ఆ తండ్రికి ప్రపంచంలో మంచి దేశం మెషీను ఉన్న ఆసుపత్రికి ఆటో దూరంలో ఉన్న ఇల్లు.

నర్సింగ్ చదివిన మన అమ్మాయిలు చాలామంది ఉన్నారు, కొందరు వృద్ధుల సంరక్షణ పనికి బ్రిటన్ పోయారు. 2024 మార్చి 11కు ముందు ఆ కేర్ వర్కర్ వీసాకు దరఖాస్తు పెట్టిన తల్లి తన పిల్లల్ని తీసుకెళ్ళగలిగింది. ఆ తరువాత పెట్టిన తల్లికి ఆ అవకాశం లేదు. 2025 జులైలో విదేశాల నుంచి కొత్తవారిని ఆ పనికి తీసుకోవడమే ఆపేశారు. అయినా మొన్నటివరకు ఆ వీసాకు పది లక్షలు అడిగే మనుషులు తిరుగుతూనే ఉన్నారు. పెళ్ళికాని అమ్మాయికి ఒకటి, చంటిబిడ్డ తల్లికి ఇంకొకటి. మార్చి 10న ఒకటి, 12న ఇంకొకటి.

వీటన్నిటి మధ్య సంఘం పని ఏమిటి? భూస్థాపన దగ్గర ఫోను ఎత్తి పట్టుకోవడమేనా? ఆ పని నేను చాలాసార్లు చేశాను. వీసా స్టాంపింగ్ భయానికి రాలేకపోయిన కొడుకు కోసం పెట్టె మూసే ముందు ఒక తమ్ముడు వీడియో కాల్ పెట్టి తల్లి ముఖం చూపిస్తాడు. సిగ్నల్ పోతుంది. మళ్ళీ కలుపుతారు. ఆ కొడుకును నిందించే హక్కు నాకు లేదు. కాని వెళ్ళేముందు ఈ రోజు కూడా వస్తుందని అతనితో ఎవరో ఒకరు కూర్చొని మాట్లాడి ఉండాలి.

మనకంటే ముందున్నవాళ్ళు ఈ పని చేశారు. 1860 నుంచి మన తెలుగు కూలీలను దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు ఓడల్లో తీసుకుపోయారు. నెల్లూరు సీమ తెలుగు బాప్టిస్టులు ఓడను దీవించి ఇంటికి పోయి పడుకోలేదు. కానుకలు పోగుచేసి 1903లో జాన్ రంగయ్య గారిని భార్యాపిల్లలతో అక్కడికే పంపారు. కూలీలు ఉన్న చోటుకు పాస్టరు పోయాడు. ఈ రోజుల్లో మా పాస్టర్లలో కొందరికి విదేశం అంటే కానుకలు వచ్చే దిక్కు మాత్రమే. ఇంతకన్నా రాస్తే నా స్నేహితులే ఫోన్ చేస్తారు.

కాబట్టి మన సంఘంలో ఈ నెల నుంచి రెండు మార్పులు. సాక్ష్యాల సమయంలో వీసా వచ్చినవాళ్ళే కాదు, ఇక్కడే ఉండిపోయినవాళ్ళు, వెళ్ళి తిరిగి వచ్చేసినవాళ్ళు కూడా నిలబడి మాట్లాడాలి. తిరిగి వచ్చినవాణ్ణి ఏం సంపాదించావని గుమ్మంలో అడగవద్దు. రెండవది, విదేశం వెళ్ళాలనుకునేవారు డబ్బు కట్టకముందు, పొలం కాగితం ఎవరి చేతిలోనైనా పెట్టకముందు, శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక నన్ను కలవండి. పాస్‌పోర్టు తెచ్చుకోండి, ఈసీఆర్ ముద్ర ఉందో లేదో చూద్దాం. ఆఫర్ లెటర్, ఏజెంటు ఇచ్చిన రసీదు, అప్పు పత్రం ఉంటే తెచ్చుకోండి. ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైటులో చూడటం మన యూత్‌లో ఇద్దరు తమ్ముళ్ళు నేర్చుకున్నారు. భార్యాభర్తలు ఇద్దరూ రండి. ఇంట్లో ముసలివాళ్ళుంటే వాళ్ళను కూడా తీసుకురండి, వాళ్ళ మందుల చీటీతో సహా. ప్రార్థన చివర చేద్దాం, ముందు లెక్క చూద్దాం. టీ అమ్మగారు పెడతారు.